తడి గోనెపట్ట

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. మా ఇంటామె ఇప్పటికీ అంటది, "పక్కింటోడు కొత్త చెప్పులు తొడిగితే సుత నీకు కడుపుల మండుతది" అని. అబద్ధమేం గాదు. అయితే నా బతుకుల నిజంగ కుళ్లి సచ్చింది ఒక్కపారే. అది మట్టి కాడ. అదన్న మన మట్టా అంటే గాదు, మస్కట్ మట్టి. ఆ దేశం పేరు ఒమాన్ గని, మా దిక్కు ఎవ్వరన్న "మస్కట్ పోయిండు" అనే అంటరు.

నేను కుమ్మరోన్ని. జగిత్యాల దిక్కు మాది. తాత సారె తిప్పిండు, నాయిన తిప్పిండు, నేను మూతి మీద మీసం మొలవక ముందే సారె మీద కూజ మెడ తీసిన. డెబ్బయిలు వచ్చేసరికి ఊర్ల ఏ ఇంట్ల చూసినా సిల్వర్ గిన్నెలే. పెండ్లికి ఐరేని కుండలు కావాలంటే తప్ప మా గడప తొక్కేటోడు లేకుండ పోయిండు. సారెను తీసి కొట్టం గోడకు ఆనిచ్చిన. రెండు నెలలల్ల దాని మీద కోళ్లు పండుకునుడు షురువు చేసినయి. నేను బొంబాయి పోయి విమానం ఎక్కిన.

నిజ్వా అవుతల బహ్లా అని ఊరు. ఆడ మా కంపెనీ బడి కడుతుండె. నా డ్యూటీ మేస్త్రీకి మాలు అందిచ్చుడు. ఇసుక, సిమెంటు, నీళ్లు, మళ్ల ఇసుక. చేతులు బీటలు వారినయి. కుండ మెడ కాడ ఎంత పలచనున్నదో కండ్లు మూసుకోని చెప్పే వేళ్లు, ఏడాది తిరిగేసరికి మొద్దుబారినయి. నన్నెవరన్న ఏం పని చేస్తవని అడిగితే "లేబర్" అని చెప్పుడు అలవాటయింది. ఆ మాట నా నోట్లకెళ్లి వచ్చినప్పుడల్ల నాయిన యాదికొస్తుండె.

రూమ్ల ఆరుగురం. నా పక్క మంచం పికప్ డ్రైవర్‌ది. కడప సాయిబు, నాకన్న నాలుగేండ్లు చిన్నోడు. నన్ను "అన్నా" అంటుండె, నేను "భాయ్" అంటుంటి. నాకన్న ముందుగాల వచ్చినోడు, అరబ్బీ గలగల మాట్లాడుతుండె. మనిషి వట్టి మంచోడు. కూర వండితే ముందు నా గిన్నెల ఏసేటోడు. చెడ్డోడయినా బాగుండు, తిట్టి ఊకుందును.

ఎండలు ముదిరినయి. రూమ్ల క్యాను నీళ్లు చాయ్ లెక్క కాగుతున్నయి. ఒక శుక్రవారం పొద్దున్నే భాయ్ లేపిండు.

"లెయ్యన్నా. బహ్లాలో ఒక ముసలాయన కుండలు చేస్తాండాడు. నీళ్లకు ఒకటి తెచ్చుకుందాం. నీకు సూపియ్యాల అని ఎన్నాళ్లనుంచో అనుకుంటాండా."

పోయినం. మట్టిగోడల వాకిలి, ఖర్జూరపు మట్టలతోని వేసిన పందిరి. పందిరి కింద ఒక పెద్దమనిషి. అందరు హాజీ అంటరట, మేం గూడ గట్లనే అన్నం. ఆయన ముందట నా రొమ్ము దాక ఎత్తున్న కుండ, ఇంకా పచ్చిది. ఖర్జూరాలు నిలవ చేసుకునే కుండ అది. హాజీ అరచేతుల నడుమ మట్టిని తాడు లెక్క పేనుకుంట, దాన్ని కుండ అంచు మీద పరుచుకుంట, కుండ చుట్టు తిరుగుతున్నడు. మా అమ్మ సకినాలు చుట్టినట్టే! ఒక చుట్టు అయితే ఇంకో చుట్టు. బొటనవేలితోని కిందికి ఒత్తుడు, చెక్కతోని గీకుడు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్ల చేత్తోని ఒత్తేది ఆడోళ్లు. పొయ్యిలు, పిల్లల గురుగులు. మొగోడు అంటే సారె మీద కూసోవాలె.

"ఈయన సారె ఏదట?" అన్న భాయ్ తోని.

భాయ్ అడిగిండు. హాజీ తన మోకాళ్ల మీద టపటప కొట్టుకోని చూపిచ్చిండు. చిన్న కూజలకు వేరే ఇండ్లల్ల సారెలు ఉన్నయట. ఇంత కుండకు ఏ సారె ఆగుతది? కుండ నిలబడతది, మనిషే తిరుగుతడు.

అప్పుడు కుండ లోపలికి తొంగి చూసిన. నా నవ్వు ఆడ్నే ఆగిపోయింది. అడుగునుంచి అంచు దాక గోడ మందం ఒక్కతీరుగ ఉన్నది. తాడు మీద తాడు పరిచిన ఆనవాలు ఎక్కడ లేదు. సారె మీద నేను మోచెయ్యి పొడుగు లేపితే మా ఊర్ల శభాష్ అన్నరు. ఈ ముసలాయన ఏ సారె లేకుండ మనిషంత లేపిండు. దానికి తోడు వాకిట్ల ముగ్గురు మనుషులు గాడిదలను కట్టేసి కూసున్నరు, కుండల కోసం! నాయిన కాలంల మా వాకిట్ల గూడ గట్లనే కూసునేటోళ్లు. ఆ ముగ్గురిని చూస్తుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, ఆ ఎనకనే కోపమొచ్చింది. ఈయనకెందుకుండాలె, నాకెందుకు లేదు?

భాయ్ ఊకుంటడా! "ఈయన మా దేశంలో పుట్టుకతో కుమ్మరి" అని హాజీకి చెప్పిండు. హాజీ నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. సిమెంటు అంటిన లుంగి, పగిలిన చేతులు. ఒక మట్టిముద్ద తీసి నా ముందట పెట్టిండు. ఒక్కనికే ఇస్తే బాగుండదని ఇంకో ముద్ద భాయ్ ముందట పెట్టిండు.

పక్కకు నీళ్ల గిన్నె ఉన్నది. నేను అలవాటుగ చెయ్యి ముంచిన. కుమ్మరోని చెయ్యి నీళ్లు లేకుండ మట్టిని ముట్టదు. సారె మీద తడి లేకుంటే మట్టి చెయ్యిని పట్టుకుంటది, కుండ తెగిపోతది. నేను తాడు పేనిన, పరిచిన, తడి వేళ్లతోని నున్నగ నిమిరిన. చూడ చక్కగ ఉన్నది. హాజీ తల అడ్డంగ ఊపిండు.

"లా, లా. మోయా లా." నీళ్లు వద్దని.

నేను ఇనలే. రెండో చుట్టు, మూడో చుట్టు. ఇంకో పారి చెయ్యి ముంచబోతే హాజీ లేసొచ్చి నీళ్ల గిన్నెను తీసి తన ఎనుక పెట్టుకున్నడు. చిన్నపిల్లగాని చేతులకెళ్లి కత్తి గుంజుకున్నట్టు! కుమ్మరోని కాడ నీళ్లు గుంజుకున్నడు. నా ఇజ్జత్ మొత్తం ఆ గిన్నెల పోయింది.

మరుసటి శుక్రవారం పోయి చూస్తే నాది చుట్టుచుట్టుకు విడిపోయి ఉన్నది. అతుకుల్లకు పోయిన తడి ఆరంగనే తాళ్లు దేనికది ఊడినయి. భాయ్ చేసింది వంకరటింకరగున్నా నిలబడ్డది. పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి మట్టి ముట్టనోడు, వానికి నీళ్ల అలవాటే లేదు. పొడి చేతులతోని హాజీ ఎట్ల ఒత్తితే అట్ల ఒత్తిండు.

"జైన్, జైన్!" మంచిగున్నది అని హాజీ వాని భుజం తట్టిండు. సదీక్ అన్నడు వాన్ని. అంటే దోస్తు అని. నన్నేమీ అనలే.

"నాదేముందిలే అన్నా, ఏదో పడింది" అన్నడు భాయ్ సిగ్గుపడుకుంట. ఆ సిగ్గు చూస్తే నాకు ఇంకింత మండింది.

ఆ దినమే హాజీ అసలు మాట చెప్పిండు. కొడుకులిద్దరు పట్నం పోయి నౌకర్లు పట్టుకున్నరట. ఖర్జూరాలు కోసే కాలం రాకముందే పెద్ద కుండలు కావాలె, పక్కకు ఒక చెయ్యి కావాలె. మీరిద్దరు ఒక్కో కుండ నడుమెత్తు లేపుండ్రి, కుండలు కాల్చే ఆవంలకెళ్లి ఎవరిది నిండుగ బయటికొస్తే వాడు శుక్రవారాలు నా పక్కన కూసుంటడు అన్నడు. భాయ్ నవ్వుకుంటనే తెలుగుల చెప్పిండు. వానికది ఆట. నాకు మాత్రం పానం మీదికొచ్చింది. ఆ జాగ దొరికితే నేను మళ్ల కుమ్మరోన్ని. దొరకకుంటే సిమెంటు తట్ట మోసే లేబర్‌ని, ఇంటికి పోయేదాక, పోయినంక గూడ.

మనసు పెట్టి మొదలుపెట్టిన. నీళ్ల గిన్నె దిక్కు చూడనని ఒట్టు పెట్టుకున్న. మూడు శుక్రవారాలు మంచిగనే లేసింది. ఒక్కో దినం మూడు నాలుగు చుట్లే, ఆ తర్వాత కింద గట్టిపడేదాక ఆగాలె. అంచు మాత్రం ఎండొద్దు, అందుకని తడి గోనెపట్ట కప్పాలె. ఎండిన అంచు మీద పచ్చి తాడు పరిస్తే అది అతుక్కున్నట్టే కనపడతది గని అతుకదు. ఇది నాకు ఎవ్వరు చెప్పనక్కరలే. మట్టికి ఏ దేశంలనైనా అదే గుణం.

నాలుగో శుక్రవారం నా కుండ నడుమ కాడ జారి కూలింది. ఎందుకంటరా? గిన్నె ముట్టలే గని, చుట్టు చుట్టుకు బొటనవేలు నాలికకు రాసుకుంటున్ననట! నాకే ఎరుక లేదు. హాజీ ఎప్పటిసందో చూస్తున్నడేమో, తన బొటనవేలు నోట్ల పెట్టుకోని చూపిచ్చి పకపక నవ్విండు. భాయ్ గూడ నవ్విండు. "అయ్యో అన్నా, ఉమ్ము పెట్టి అతికిచ్చినావే!" అన్నడు. నేను గూడ నవ్విన, మొఖం మాడిపోతుంటే పండ్లు బయటపెట్టి.

ఇగ భాయ్ కుండ ఒక్కటే మిగిలింది. దాదాపు నడుము దాక లేసింది, అందంగున్నది. ఉన్నమాట చెప్తున్న, అందంగున్నది.

ఆ మధ్యాహ్నం ఇద్దరు జుమ్మా నమాజుకు పోయిండ్రు. మాటలు కలిసినయి, నమాజు కలిసింది, ఆఖరికి మట్టి గూడ వాళ్లకే కలిసింది. నేను పందిరి కింద ఒక్కన్నే కూసున్న, నా కూలిన మట్టి పక్కన. ఎదురుంగ భాయ్ కుండ, అంచు మీద తడి గోనెపట్ట. పొద్దున మూడు చుట్లు వేసిండు, నమాజు నుంచి వచ్చినంక ఇంకో చుట్టు వేస్తడు. పడమటి గాలి కొలిమి మీదికెళ్లి వచ్చినట్టు కొడుతున్నది.

లేసి పోయిన. గోనెపట్టను గాలి దిక్కున్న సగం మాత్రమే మడిచిన. మిగిలిన సగం ముట్టలే. మళ్ల వచ్చి కూసున్న. ఎవరో నన్ను పట్టుకోని చేయించినట్టు చెప్పను. సోయితోనే చేసిన. మధ్యల ఒకసారి పోయి వేలితోని తట్టి చూసిన, ఇంకొంచెం ఎండాలె అనుకున్న, మళ్ల కూసున్న. వాళ్లు వచ్చే ముందర అంచును తడి గుడ్డతోని ఒక్కసారి తుడిచి, గోనెపట్ట మీద నీళ్లు చిలకరిచ్చి, ఎట్లున్నదాన్ని అట్ల కప్పిన. పైకి నల్లగ పచ్చిమట్టి లెక్కనే ఉన్నది. తోలు కింద ఎండిపోయి ఉన్నది. నా చేతులు అంత నేర్పుగ పనిచేసి ఎన్నేండ్లయిందో!

భాయ్ వచ్చి, బిస్మిల్లా అని, తాడు పేని, ఆ అంచు మీద పరిచి ఒత్తిండు. నేను చూస్తనే ఉన్న.

ఎన్కకు వచ్చేటప్పుడు పికప్ల భాయ్ అన్నడు, "అన్నా, మసీదు కాడ హాజీతో మాట్లాడినా. నా కుండ నిలబడితే ఒక శుక్రవారం నేను కూర్చుంటా, ఒక శుక్రవారం నువ్వు. సరే అన్నాడు. నా పని గాదు, నీ పనే కదన్నా ఇది."

అప్పుడన్న చెప్పొచ్చు. బండి ఆపు, ఎన్కకు పోదాం, ఆ చుట్టు తీసెయ్యి అని ఒక్క మాట. మట్టి ఇంకా పచ్చిదే, అంచు కోసేసి మళ్ల వేస్తే అయిపోతుండె. చెప్పలే. దాని కన్న ముందు ఇంకో మాట మతిలకొచ్చింది: వీడెవడు నాకు దానం చేసేటోడు?

కుండ పూర్తయి, నీడకు ఆరి, ఆవంల పడేసరికి నెల దాటింది. ఆ నెలంత భాయ్ రూమ్ల ఆ కుండ ముచ్చటే. నేను వాని బట్టలు ఉతికిన, చాయ్ పోసిన. "ఏందన్నా, ఇంత మర్యాద!" అని వాడు ఎకసెక్కాలాడుతుండె.

ఆవం విప్పిన పొద్దు ముగ్గురమే ఉన్నం. హాజీ కుండలు ఒక్కొక్కటే బయటికొస్తున్నయి, ఎర్రగ, గణగణ మోగుకుంట. భాయ్ కుండ వచ్చింది. పైనుంచి మూడో చుట్టు కాడ గీత కొట్టినట్టు పగిలి ఉన్నది. సరిగ్గ సగం చుట్టు. భాయ్ మొఖం చిన్నబోయింది. "పోనీలే, నా చెయ్యి అంతే" అన్నడు.

హాజీ కింద కూసోని ఆ పగులు మీద వేలు పెట్టి ఈ కొసనుంచి ఆ కొస దాక నడిపిచ్చిండు. కొస కాడ ఆగి, ఎన్కకు వచ్చిండు. తలెత్తి గాలి ఎటునుంచి వస్తదో ఆ దిక్కు చూసిండు. అప్పుడు మొదలుపెట్టిండు, నిదానంగ. నా దిక్కు చూడలే, భాయ్ దిక్కు చూసుకుంట చెప్తున్నడు. భాయ్ అలవాటుగ నాకు తెలుగుల చెప్పుకుంట పోతున్నడు.

"నీ చెయ్యి తప్పు గాదు అంటాండాడన్నా. చెయ్యి తప్పయితే చుట్టంతా పగులుతుందంట."

హాజీ ఇంకో మాట అన్నడు.

"గాలి తప్పు గూడా గాదంట. గాలికి గోనెపట్ట ఎగిరిపోతే కిందే పడుంటుంది, తిరిగి కప్పుకోదు అంటాండాడు."

నేను వంగి ఇంకో కుండకు అంటిన బూడిద తుడుసుడు పట్టిన.

"మేకయితే కూలదోస్తుంది. పిల్లోల్లయితే వేలు పెట్టి పొడుస్తారు. ఇది చేసినోడికి మట్టి తెలుసంట. ఎంతసేపు ఎండాలో తెలుసు, ఎప్పుడు కప్పాలో తెలుసు. నా కొడుకులకు గూడా అంత తెలీదు అని…"

భాయ్ మాట నెమ్మదయింది. వాడు తలకాయ ఇటు తిప్పలే. హాజీ ఆఖరి మాట చెప్పి నన్ను చూసిండు. మొదటి దినం చూసినట్టే, కింది నుంచి మీది దాక. భాయ్ అది తెలుగుల చెప్పకుండ ఊకుంటే బాగుండు. కానీ నోరు అలవాటు పడ్డది, వచ్చేసింది.

"నీ దోస్తు కుమ్మరి అని నువ్వు చెప్పినప్పుడు, ప్రేమ కొద్దీ అబద్ధం చెప్తాండావనుకున్నా. ఇప్పుడు నమ్ముతాండా… అంటాండాడు."

హాజీ తన పక్కనున్న చాపను అరచేతితోని దులిపి, నన్ను చూసుకుంటనే రెండుసార్లు తట్టిండు. రా, కూసో అని. ఆయనకు ఖర్జూర కాలం దగ్గరపడ్డది, చెయ్యి కావాలె. మట్టి తెలిసిన చెయ్యి కావాలె.

"కూసో అన్నా" అన్నడు భాయ్. "నువ్వు కోరుకుందే కదా." తిట్టినా బాగుండు. లేసి పికప్ కాడికి పోయిండు.

నేను కూసున్న. సిగ్గు లేక కూసున్ననో, ఆశకు కూసున్ననో, ఏదైనా అనుకోండ్రి. హాజీ మట్టి ఇచ్చిండు, తాడు పేనిన, పరిచిన, ఒత్తిన. ఆ దినం నా చెయ్యి నీళ్లు అడగలే.

బడి కట్టుడు అయిపోయేదాక ప్రతి శుక్రవారం పోయిన. భాయ్ దింపుతుండె, సాయంత్రం వచ్చి ఎక్కిచ్చుకుంటుండె. ఒక్క మాట ఎత్తలే, ఎవ్వరికి చెప్పలే. కూర గూడ ముందు నా గిన్నెలనే వేసిండు. వాకిట్లకు మాత్రం మళ్ల అడుగు పెట్టలే, బండిలనే కూసునేటోడు. హాజీ చేతులు కడుక్కోని, కహ్వా కాఫీ, ఖర్జూరాలు పట్టుకోని బయటికి పోయి వాని పక్కన కూసునేటోడు. ఇద్దరు నవ్వుకునేది పందిరి కిందికి ఇనపడుతుండె. నేను లోపల తాళ్లు పేనుతుంటి.

నన్ను హాజీ ఉస్తాద్ అని పిలుస్తుండె. మా నాయినను గూడ ఎవ్వరు అంత మర్యాదగ పిలువలే. నేను లేపినయి పదకొండు పెద్ద కుండలు, ఒక్కటి పగులలే. అన్నిటికి గాడిదలు కట్టుకోని మనుషులు వచ్చిండ్రు, తీసుకపోయిండ్రు.

భాయ్ పగిలిన కుండ మాత్రం తలుపు కాడ్నే ఉన్నది. నీళ్లు నిలువయి, నూనె నిలువదు. హాజీ దాంట్ల తన చేతికర్ర పెట్టుకునేటోడు. ఆఖరి శుక్రవారం చేత్తోని సైగ చేసి అడిగిన, ఇది పారెయ్యరాదా అని. హాజీ నా చెయ్యిని మెల్లగ దాని మీదికెళ్లి తీసిండు.

"సదీక్‌ది" అన్నడు.

వచ్చేటప్పుడు బండి ఎక్కి ఎనుకకు చూస్తే, వాకిట్ల నేను చేసింది ఒక్క కుండ లేదు. అది ఒక్కటే ఉన్నది. ఇన్నేండ్లయినా దాని మీద నాకు కుళ్లు పోలే.